ఇరుసూ, గుండూ

ఒక పని మొదలుపెట్టినప్పటి ఉత్సాహం చల్లారిన తర్వాత కూడా దాన్ని అలాగే చేస్తూ పోవడం నిష్ఠ అనిపించుకుంటుందా, మొండితనం అనిపించుకుంటుందా? పనిని వదలకుండా పనిముట్టును మాత్రం మార్చుకుంటే అది వివేకమా, వంకా? సంగీత సాధనకూ, పూజకూ, చదువుకూ కూడా వర్తించే ప్రశ్నలే ఇవి. నాకు మాత్రం వ్యాయామశాలలో ఎదురయ్యాయి. బరువులెత్తే సంగతి సాహిత్య పత్రికలో ఏమిటని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు. కానీ బరువు దగ్గర ఒక సదుపాయం ఉంది. ఎత్తగలిగామా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. మిగతా సాధనల్లో మనల్ని మనం మభ్యపెట్టుకోవడానికి ఉన్నంత చోటు ఇక్కడ లేదు.

ఏడేళ్ళపాటు బళ్ళారిలో ఒక జిమ్ముకు వారానికి మూడు రోజులు వెళ్ళి బార్‌బెల్ ఎత్తాను. తెలియనివారి కోసం రెండు మాటలు. అది పొడవాటి ఉక్కు కడ్డీ. రెండు చివర్లా చక్రాల్లాంటి బిళ్ళలు తొడుగుతారు. పోటీల్లో మగవాళ్ళ కడ్డీ ఒక్కటే 20 కిలోలుంటుంది, ఆడవాళ్ళది 15. రాయలసీమ పల్లెల్లో పండగలకూ తిరునాళ్ళకూ ఇరుసెత్తే పందేలు చూసినవారికి ఇది వింత వస్తువు కాదు. అదే పందేల్లో రాతిగుండు ఎత్తడం కూడా ఉంటుంది. ఇప్పుడు నేను ఎత్తుతున్న కెటిల్‌బెల్ ఆ గుండుకు దాయాది లాంటిది. ఇనుప గుండు, పైన పట్టుకోవడానికి పిడి. అంటే ఇరుసు దించి గుండు పట్టుకున్నానన్నమాట. మా జేజినాయన కాలంలో అయితే ఇందులో చర్చించడానికి ఏమీ ఉండేది కాదు. ఏది చేతికందితే దాన్ని ఎత్తేవాళ్ళు.

బార్‌బెల్‌లో ఉన్న ఆకర్షణ అంకె. అటు కిలోంబావు, ఇటు కిలోంబావు బిళ్ళ తగిలిస్తే మొత్తం రెండున్నర కిలోలు పెరుగుతుంది. కొత్తగా చేరినవాడు వారం వారం అంత పెంచుకుంటూ పోగలడు. జీవితంలో మరెక్కడా ఇంత నికరమైన ప్రతిఫలం నాకు దొరకలేదు. ఆఫీసులో పదేళ్ళు పనిచేసినా మనం ఎదిగామో లేదో చెప్పేవారుండరు. ఇక్కడ పోయిన సోమవారం కంటే ఈ సోమవారం ఎంత మెరుగో నోటుపుస్తకంలో రాసి ఉంటుంది. అయితే ఆ పెరుగుదల కలకాలం సాగదు. వారాలకు పెరిగేది నెలలకు పెరుగుతుంది, తర్వాత ఏడాదికి, తర్వాత ఆగిపోతుంది. ఎవరి శరీరానికైనా ఇంతే. భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌లో నా అంకె 120 దగ్గర నిలిచిపోయింది. రెండేళ్ళు అక్కడే ఉంది.

క్రోటోన్ నగరానికి చెందిన మైలో అనే ప్రాచీన గ్రీకు మల్లుడి కథ బరువులెత్తేవారందరికీ చెబుతారు. రోజూ ఒక దూడను భుజాన మోశాడట. దూడ ఎద్దయ్యేసరికి ఆయనా ఎద్దును మోయగలవాడయ్యాడట. క్రమంగా బరువు పెంచుకుంటే బలం పెరుగుతుందని దీని సారం. ఎద్దు కూడా ఒకనాటికి పెరగడం ఆపేస్తుంది కదా, ఆ తర్వాత ఏం చేశాడన్నది మాత్రం చెప్పరు. సిసిరో వృద్ధాప్యం మీద రాసిన గ్రంథంలో ఈ మైలో ముసలివాడై, అభ్యాసం చేస్తున్న కుర్రవాళ్ళను చూసి, తన చేతుల వైపు చూసుకుని, ఇవి చచ్చిపోయాయని ఏడ్చిన ఘట్టం ఉంది. సిసిరో జాలి పడలేదు. చచ్చింది చేతులు కాదు నువ్వే, నీ పేరంతా నీ కండల వల్ల వచ్చింది తప్ప నీ వల్ల రాలేదు అన్న ధోరణిలో దులిపేశాడు. కఠినమైన మాటే. నాకైతే మైలో మీద కొంత జాలి ఉంది. పెరుగుతున్నంత కాలమే ఆనందం దొరికే పనిలో పడ్డవాడు, పెరుగుదల ఆగాక ఏడవక ఏం చేస్తాడు?

నా విషయంలో ఏడుపు లేదు, విసుగు ఉంది. జిమ్ముకు వెళ్ళే రోజు పొద్దున్నే ఏదో ఒక పని గుర్తుకొచ్చేది. వెళ్ళినా, చేసి వచ్చేసేవాణ్ణి. అప్పుడే మా కోచ్‌తో ఈ మాట ఎత్తాను. కన్నడం కలిసిన తెలుగు ఆయనది. బళ్ళారిలో మా అందరిదీ అంతే.

"ఇష్టం ఉన్నప్పుడు ఎవరైనా వస్తారు సార్. లేనప్పుడు వస్తారే, అదే ప్రాక్టీసు. మనసు మాట విన్నారంటే ఇవాళ బార్ వదుల్తారు, రేపు గుండు వదుల్తారు, ఎల్లుండి మంచం దిగరు" అన్నాడు.

ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. అలా మంచం దిగనివాళ్ళను నేనూ చూశాను. ఇష్టం మీద ఆధారపడ్డ అభ్యాసం గాలిలో పెట్టిన దీపం. మన సంప్రదాయమూ ఆయన పక్షమే. అభ్యాసం కూసువిద్య అన్నారు. తినగా తినగా వేపాకు తీపెక్కుతుందన్న వేమన మాట బడిలో చదవని తెలుగువాడు లేడు. అయితే తినగా తినగా తీపి కూడా చప్పబడుతుంది. దాన్ని గురించి పద్యం ఎవరూ చెప్పలేదు. నా ఇబ్బంది వేపాకుతో కాదు, చప్పబడిన తీపితో.

పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం గట్టిపడటానికి మూడు షరతులు పెట్టాడు. చాలాకాలం చెయ్యాలి, ఎడం లేకుండా చెయ్యాలి, ఆదరంతో చెయ్యాలి. మొదటి రెండింటినీ అందరూ పట్టుకుంటారు, ఎందుకంటే వాటిని క్యాలెండరు మీద లెక్కపెట్టుకోవచ్చు. మూడోదాన్ని లెక్కపెట్టలేం కాబట్టి జారవిడుస్తాం. ఆదరం అంటే ఉత్సాహం కాదు. పొంగుతూ ఉండనక్కరలేదు. చేస్తున్న పని మీద మనసు నిలపడం, దాన్ని లెక్కచెయ్యడం. నా చివరి రెండేళ్ళ జిమ్ములో దీర్ఘకాలం ఉంది, నైరంతర్యం ఉంది, ఆదరం లేదు. మా కోచ్ చెప్పిన నిష్ఠ మొదటి రెండింటినే కాపాడుతుంది. మూడోది పోయాక మిగిలేది అలవాటు మాత్రమే. అలవాటుకు విలువ లేదనను. కానీ 120 కిలోలు భుజాన ఉన్నప్పుడు మనసు మరోచోట ఉండటం ప్రమాదం కూడా.

ఇంతకీ ఈ నిష్ఠ ఎవరికి బాకీ? నాకు నేను ఇచ్చుకున్న మాటను నేనే రద్దు చేసుకోవచ్చు కదా, అందులో అధర్మమేముంది అనేవారున్నారు. ఒంటరివాడికి అది చెల్లుతుందేమో. మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. రోజూ ఉదయం ఆమెను మంచం మీంచి కుర్చీలోకి, మధ్యాహ్నం కుర్చీలోంచి మంచం మీదికి చేర్చాలి. ఆమె చేతులు నా మెడ చుట్టూ వేయించుకుని, వెన్ను వంచకుండా తుంటి దగ్గర మడిచి, కాళ్ళతో లేవాలి. బార్‌ను నేల మీంచి ఎత్తడంలో నేర్చుకున్నది సరిగ్గా ఇదే. ఒక్క తేడా, బార్‌ను మధ్యలో వదిలెయ్యొచ్చు. ముప్పై దాటాక, కదలిక లేని శరీరంలో పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుందని వైద్యులు లెక్కగడతారు. అరవై దాటితే ఆ తరుగుదల ఇంకా జోరు. అంచేత నా బలం పూర్తిగా నా సొత్తు కాదు. దాని మీద ఆమెకు హక్కుంది. రేపు నేనే మంచాన పడితే నన్ను ఎత్తవలసిన పిల్లలకూ ఉంది. విసుగు పుట్టిందని మొత్తానికి మానేసే స్వేచ్ఛ నాకు లేదు. కానీ వాళ్ళ హక్కు నా బలం మీదే, ఆ కడ్డీ మీద కాదు. మా అమ్మకు నేను 120 ఎత్తానో 100 ఎత్తానో తెలియదు, పట్టదు.

అందరికీ ఇలాగే తీర్పు చెప్పడానికి వీల్లేదు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు వెయిట్‌లిఫ్టింగు పెట్టింది ఆ ఏడే. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ ఆమే. అలాంటి మనిషికి బార్ పనిముట్టు కాదు, అదే పని. వైణికుడితో, వీణ మీద విసుగొస్తే వేణువు పట్టుకోవయ్యా అనగలమా? కాబట్టి విసుగు పుట్టినప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఇది: నా చేతిలో ఉన్నది పనిముట్టా, పనా? నాకు పనిముట్టే. అయినా ఏడేళ్ళలో అదే పని అనిపించసాగింది. పుస్తకంలోని అంకె అలా అనిపించేలా చేసింది.

గుండు సంగతి వేరు. దాని రష్యన్ పేరు గిర్యా. ధాన్యం తూచే పడికట్టు రాళ్ళలాంటి తూకపు గుండ్లనే సరదాకు ఎత్తడంతో ఈ అలవాటు మొదలైందని చెబుతారు. మన మణుగు లాగే పూద్ వాళ్ళ పాత కొలత. సుమారు 16.38 కిలోలు. అందుకే ఈనాటికీ గుండ్లు 16, 24, 32 కిలోల్లో, అంటే ఒక పూద్, ఒకటిన్నర, రెండు లెక్కన దొరుకుతాయి. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో క్రయెవ్‌స్కీ అనే వైద్యుడు బలసాధకుల బృందం ఒకటి నడిపాడు. అక్కడ బార్ ఎత్తేవాళ్ళూ, గుండు ఎత్తేవాళ్ళూ ఒకే గదిలో ఉండేవారు. రెండింటి మధ్యా గోడలు తర్వాతి కాలం కట్టినవి.

16 తర్వాత 24 అంటే సగానికి సగం పెంపు. మధ్యలో 20 కొనుక్కున్నా పావు వంతు గెంతే. రెండున్నర కిలోల వెసులుబాటు ఇక్కడ లేదు. అంచేత నెలల తరబడి ఒకే గుండుతో కాపురం చెయ్యాలి. బరువు పెరగదు కాబట్టి దృష్టి మరోవైపు మళ్ళుతుంది: ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎలా. రెండు కాళ్ళ మధ్య నుంచి గుండును వెనక్కి పోనిచ్చి, తుంటి విసురుతో ఛాతీ ఎత్తుకు ఊపాలి. చేతులతో లాగితే పదిసార్లకే అలసిపోతాం. ఊపిరి తప్పితే లయ తప్పుతుంది. ఈ ఆటలో పోటీలకు పది నిమిషాలు గడువు. గుండు కింద పెడితే అంతటితో సరి. నేను 16 కిలోలతో ఐదు నిమిషాలు నిలబడేసరికే మూడు నెలలు పట్టింది. ఏడేళ్ళు బార్ ఎత్తినవాణ్ణి ఐదు నిమిషాలు ఇంత చిన్న గుండు ఏడిపించడం నాకు నచ్చింది. పోయిన ఆదరం అక్కడ మళ్ళీ దొరికింది.

నష్టం లేదని చెప్పను. ఎంత బరువెత్తగలం అన్న గరిష్ఠ బలం, బరువైనవాటిని ఎత్తుతుంటేనే నిలుస్తుంది. 120 ఇప్పుడు నావల్ల కాదు. కొంత సుఖం కూడా కలిసొచ్చింది. గుండు ఇంట్లోనే ఉంటుంది, అమ్మ పిలిస్తే వినబడుతుంది, జిమ్ము దాకా పోనక్కరలేదు. సుఖంగా ఉంది కాబట్టి ఇది పారిపోవడమేనని మా కోచ్ అంటే ఒప్పుకోను. పారిపోయేవాడు కష్టం లేని చోటికి పోతాడు. నేను పోయిన చోట కష్టం ఉంది, వేరే రూపంలో ఉంది. ఏ చోటికి పోయినా మొదటి నెల కొత్తదనం ఉంటుంది కాబట్టి, తేడా తెలియాలంటే ఆరు నెలలు ఆగి చూడాలి. నాకు పద్నాలుగు నెలలైంది.

మనలాంటి వాళ్ళకు ఈ తగవు కొత్త కాదు. ఇక్కడి పిల్లలకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఒత్తులూ గుణింతాలూ దిద్దించబోతే పుస్తకం మూసేసే పిల్లలు, రాత్రి అవ్వ చెప్పే కథకు మాత్రం కదలకుండా కూర్చుంటారు. పెద్దబాలశిక్ష దగ్గర పట్టుబట్టి మొత్తం పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి, కథలతోనే సరిపెట్టి చదవడం రాకుండా వదిలేసిన ఇళ్ళూ ఉన్నాయి. కథ వల్ల కలిగే నష్టం కూడా నిజమే. అక్షరం రానివాడు ఈ పత్రిక చదవలేడు. అయినా నన్నడిగితే పిల్లవాడు పుస్తకం మూసేసిన రోజున కథ మొదలుపెట్టమంటాను. నోట్లో తెలుగు ఉన్నవాడికి అక్షరాలు ఇరవై ఏళ్ళప్పుడైనా నేర్పవచ్చు.

మా పక్కింటి కుర్రాడికి పందొమ్మిదేళ్ళు. పోయిన నెల వచ్చి, "మామా, నేనూ మొదలుపెడదామనుకుంటున్నా. గుండు కొనుక్కోమంటావా, జిమ్ములో చేరమంటావా?" అని అడిగాడు. జిమ్ములో చేరి బార్ పట్టుకోమన్నాను. ఆశ్చర్యపోయాడు. నన్ను రోజూ గుండుతో మేడ మీద చూస్తున్నవాడు మరి. వాడి వయసుకు వారం వారం రెండున్నర కిలోలు పెరిగే రోజులు ముందున్నాయి, అవి వదులుకోవలసినవి కావు. మా కోచ్ దగ్గరికే పంపాను.