వెంట నడచినవారి ఋణము

నమ్మి వెంట నడచినవాడు ఒకడు, నడిపించినవాడు మరియొకడు. నడుమ త్రోవ మారినప్పుడు ఎవరు ఎవరికి ఋణపడుదురు? గురుశిష్యుల విషయమున ఈ ప్రశ్నను మన పెద్దలు లోతుగా విచారించిరి. రాజకీయముల విషయమున మాత్రము దీనిని అడుగువారే అరుదు.

దైవభక్తిని, పెద్దల ఆచారమును, సొంత భూమిని, ఇంటి కట్టుబాటును ప్రాణముగా ఎంచు సామాన్య గృహస్థుడు ఒక పక్షమును తనదని నమ్మును. దాని జెండా మోయును. దానికొరకు ఊరిలో నలుగురితో మాట పట్టింపులు తెచ్చుకొనును. కొన్నాళ్ళకు ఆ పక్షమే తాను ఎదిరించినవారితో చేయి కలుపును. అప్పుడు అతని నోట వెలువడు మాట ఒక్కటే: “మమ్ము నట్టేట ముంచిరి.” ఈ నింద ఎంతవరకు న్యాయమో విచారింపవలసియున్నది.

దీనికి తగిన ఉదాహరణము చిత్తూరు జిల్లా చరిత్రలోనే కలదు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార సమష్టి వ్యవసాయమును లక్ష్యముగా తీర్మానించెను. తాతల నాటి భూమి చేజారునేమో యను భయము రైతులలో పుట్టెను. రైతు నాయకుడైన ఆచార్య ఎన్.జి.రంగా కాంగ్రెసును వీడెను. ఆ యేడు జూనులో మద్రాసున స్వతంత్ర పార్టీ స్థాపన ప్రకటింపబడెను. రాజాజీ దానికి మూలపురుషుడు, రంగా తొలి అధ్యక్షుడు. రైతు భూమి రైతుదే కావలెను, సర్కారు పెత్తనము తగ్గవలెను, ధర్మము ప్రజాజీవనమునకు పునాది కావలెను అనునవి ఆ పార్టీ చాటిన సూత్రములు.

1962లో చిత్తూరు నుండి లోక్‌సభకు ఎన్నికైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళిరి. అంతకుముందు ఆయన లోక్‌సభ స్పీకరు, తిరుచానూరులో పుట్టినవారు. అట్టి పెద్దమనిషి విడిచిన స్థానమునకు జరిగిన ఉప ఎన్నికలో రంగా స్వతంత్ర పార్టీ పక్షమున గెలుపొందెను. అనాటి చిత్తూరు ఓటరులలో అధికులు కాంగ్రెసును కాదని ఈ కొత్త పక్షమును నమ్మిరనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. 1967 నాటికి ఆ పార్టీ 44 స్థానములతో లోక్‌సభలో ప్రతిపక్షములన్నిటిలో పెద్దదయ్యెను.

పిమ్మట కథ మారెను. 1971 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ ఇందిరాగాంధీని ఓడింపనెంచి పాత కాంగ్రెసుతోను, జనసంఘముతోను, సంయుక్త సోషలిస్టులతోను పొత్తు పెట్టుకొనెను. సోషలిజము రైతుకు ముప్పని పదేండ్లు బోధించినవారు సోషలిస్టుల ప్రక్కన కూర్చుండిరి. ఫలితము 8 స్థానములు. 1972 డిసెంబరులో రాజాజీ పరమపదించిరి. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయెను. రంగా ఆ దశాబ్దిలోనే తిరిగి కాంగ్రెసులో చేరి, 1980, 1984, 1989లలో గుంటూరు నుండి కాంగ్రెసు సభ్యుడుగా లోక్‌సభకు వెళ్ళెను.

రంగాకు ద్రోహి యని ముద్ర వేయుట తేలిక, కాని అది న్యాయము కాదు. నాగపూరు తీర్మానము దేశమంతట శాసనముగా పరిణమింపలేదు. సమష్టి వ్యవసాయము పల్లెలను మ్రింగలేదు. తాను కట్టిన ఇల్లే కూలిపోయిన పిమ్మట, రైతుకొరకు చట్టసభలో మాటాడగోరువాడు ఏదో ఒక చూరు క్రింద నిలువవలసినదే. అట్లని అనుచరుని బాధ వట్టి భ్రమయు కాదు. 1973లో కాంగ్రెసు ప్రభుత్వమే ఆంధ్రప్రదేశములో భూపరిమితి శాసనమును తెచ్చెను. ఆ శాసనము భూమిలేనివానికి మేలు తలపెట్టినది. దాని మంచిచెడ్డలు వేరు విచారణ. దేనికి వెరచి పల్లెరైతు రంగా వెంట నడచెనో అది కాంగ్రెసు చేతులమీదుగా వచ్చెను, రంగా కాంగ్రెసు గూటికి చేరెను. ఆ రైతు మనస్సున ఏమి మిగిలియుండునో ఊహించుట కష్టము కాదు.

ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే యనుకొనరాదు. 2014 ఏప్రిల్ 30న తిరుపతి సభలో భారతీయ జనతా పార్టీ, తెలుగుదేశము నాయకులు ఒక్క వేదికపై నిలిచిరి. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయమున ఆ మైత్రి తెగెను. నిన్నటి మిత్రులు ఒకరినొకరు నమ్మకద్రోహులని దూషించుకొనిరి. 2024 మార్చిలో తిరిగి కలిసిరి. అంతేకాదు, 2014లో తిరుపతి లోక్‌సభ స్థానమున భారతీయ జనతా పార్టీ అభ్యర్థిని ఓడించిన ఎదుటి పక్షపు నాయకుడే 2024లో ఆ పార్టీ అభ్యర్థియై అదే స్థానమున నిలిచి ఓడిపోయెను. ఎవరిని ఓడింపుమని పదేండ్ల క్రితము ఇల్లిల్లు తిరిగెనో, అతనినే గెలిపింపుమని ఆ పార్టీ కార్యకర్త మరల అవే గడపలు త్రొక్కవలసివచ్చెను. తలుపు తీసిన ఇల్లాలు నవ్వుచు అడుగు ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడు నాయకుడు కాదు, ఆ కార్యకర్తయే.

ఇట్టి నిందలలో మూడు విధములు కలవు. మొదటిది, “ఇంతకాలము పనిచేసితిమి, పదవి రాలేదు” అనునది. ఇది కూలి దొరకని బాధ. సేవ యని పేరు పెట్టి కూలి ఆశించినవాడు ముందుగా తన మాటనే దిద్దుకొనవలెను. దాసోహమున పెట్టినదానికి లెక్క వ్రాసుకొనువాడు దాసోహి కాడు, వడ్డీవ్యాపారి. రెండవది, “మాకు నచ్చనివారితో పొత్తు పెట్టుకొనిరి” అనునది. పొత్తు ఒక ఉపాయము. ఏరు దాటుటకు ఎక్కిన పడవలో ప్రక్కన ఎవరు కూర్చుండిరను విచారణ కొంతవరకే తగును. మూడవది మాత్రము బరువైనది: “ఏ సూత్రమును చెప్పి మమ్ము పిలిచిరో దానిని విడిచిరి, విడిచితిమని మాకు చెప్పను కూడ లేదు.” ఇది న్యాయమైన నింద.

రేణిగుంట జంక్షనులో నిలిచి చూచినవారికి ఈ తారతమ్యము సులభముగా బోధపడును. అచటినుండి త్రోవలు గుంతకల్లు వైపునకు, గూడూరు వైపునకు, అరక్కోణము వైపునకు, తిరుపతికి చీలుచుండును. అచట దిగి వేరొక బండి ఎక్కుట తప్పు కాదు. జంక్షను ఉన్నదే అందులకు. ఏ బండి ఎటు పోవునో ప్రకటించిన పిమ్మట ఎక్కువాడు ఎక్కును, దిగువాడు దిగును. ప్రకటింపకయే త్రోవ మార్చి, నిద్రించువారిని తెలియని ఊరికి చేర్చుట మాత్రము అన్యాయము. నాయకునికి మనస్సు మార్చుకొను హక్కు కలదు. లోకము మారినప్పుడు మారకుండుట ఎల్లవేళల సుగుణము కాదు. కాని తన మాట నమ్మి నష్టపడినవారి యెదుట నిలిచి, “నేను ఇందువలన మారితిని, మీరు మీ త్రోవ చూచుకొనుడు” అని చెప్పు ఋణము అతనిపై కలదు. ఆ ఋణము ఎన్నికల గెలుపుతో తీరదు, ఓటమితో రద్దు కాదు.

ఈ ఋణమును ఎట్లు తీర్చవలెనో కల్యాణ కథ చెప్పుచున్నది. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారి, గొప్ప అధికారి. రాజు, శరణుడు చాలకాలము కలిసియే నడచిరి. ఆ కథను పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచించెను. కన్నడమున పలువురు చెప్పిరి. వివరములలో భేదములున్నను తాత్పర్యము ఒక్కటే. హరళయ్య, మధువయ్యల వంటి శరణులపై రాజదండము పడెను. కొలువు ఒకవైపు, వెంట నడచినవారు మరియొకవైపు నిలిచిరి. బసవేశ్వరుడు కొలువును నిలుపుకొనుటకు శరణులను విడువలేదు. అధికారమును విడిచి కూడలసంగమమునకు వెడలెను. పదవికన్న వెంట వచ్చినవారు పెద్దవారని మాటతో కాక నడతతో చెప్పిన ఘట్టమిది.

అయినను నేరమంతయు నాయకులదే యనుట సగము సత్యము. అనుచరునికిని ఒక ధర్మము కలదు. వీరశైవుడు ఇష్టలింగమును తన దేహముననే ధరించును, తన కరస్థలముననే పూజించును. గురువు దీక్షనిచ్చును గాని, శిష్యుని బదులు తాను పూజ చేయడు. భక్తి యొకరు మరియొకరివద్ద దాచిపెట్టుకొను సొమ్ము కాదు. దైవవిషయమున ఇంత జాగ్రత్తగలవాడు, ధర్మమును, భూమిని, ఆచారమును కాపాడు భారమంతయు ఒక పక్షము చేతిలో పెట్టి ఇంటికి వచ్చి నిదురించుట ఎట్లు? అట్లు నిదురించినవాడు మేలుకొని తిట్టినంత మాత్రమున పోయినది తిరిగిరాదు. పక్షమును సూత్రముతో కొలువవలెనే గాని, సూత్రమును పక్షముతో కొలువరాదు. మద్దతునిచ్చునాడే ఏది జరిగిన మద్దతు ఉండదో స్పష్టముగా చెప్పవలెను. అట్లు చెప్పినవానికి తరువాతి కాలమున నింద అక్కరలేదు, నిర్ణయము చాలును.

మఠములకును ఇది వర్తించును. ఎన్నికల వేళ సకల పక్షముల నాయకులును మఠముల గడప త్రొక్కుదురు, విభూతి ధరింతురు, ప్రసాదము స్వీకరింతురు. వచ్చినవారికి ఆశీస్సు నిచ్చుట మఠ ధర్మము. కాని శిష్యుల ఓట్లను మూటగట్టి అప్పగించుట మఠ ధర్మము కాదు. అప్పగించినచో, నాయకుడు త్రోవ మార్చిన నాడు అతనితోపాటు మఠమును ఋణస్థురాలగును. వెంట నడచినవారికి సమాధానము చెప్పవలసిన ఆ దినమున నాయకుడు రాజధానిలో ఉండును. మఠము మాత్రము ఆ ఊరనే, ఆ శిష్యుల నడుమనే ఉండవలెను.