హనీమూన్ ద్వీపం: ఏకాంతాన్ని గురించి ఒక ధర్మవిచారణ

పెళ్ళి తంతు ముగిసిన వెంటనే నూతన దంపతులు బంధుమిత్రుల నడుమ నుంచి తొలగి, తమను ఎరిగినవారెవరూ లేని సముద్రద్వీపంలో కొన్నాళ్ళు గడపడం నేటి వివాహాలలో దాదాపు సంస్కారం స్థానాన్ని సంపాదించుకుంది. ముహూర్తం కుదిరిన వారంలోనే విమానం టికెట్లు, రిసార్టు గది ఖాయం చేసుకునే కుటుంబాలు తెలుగునాట కూడా తక్కువేమీ కావు. ఎంపిక మాత్రం సాధారణంగా ధర, ఋతువు, గది కిటికీలోంచి కనిపించే నీటి రంగు అనే మూడు లెక్కల మీదనే సాగిపోతుంది. ఆ లెక్కల అడుగున ఒక తాత్త్విక ప్రశ్న ఉంది: దాంపత్యం మొదలయ్యే వేళ ఇద్దరికి ఏకాంతం దేనికోసం, ఎలాంటి చోటు ఆ ప్రయోజనాన్ని నెరవేర్చగలదు?

బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలోని నాలుగవ బ్రాహ్మణం, అంటే నాలుగవ ప్రకరణం, సృష్ట్యాదిలో ఒంటరిగా ఉన్న ఆత్మను వర్ణిస్తూ రెండు మాటలు వెంటవెంటనే చెబుతుంది. ఆత్మ మొదట భయపడింది. తనకు వేరుగా ఏదీ లేదు కదా అని విచారించుకోగా, భయమనేది రెండవదాని వల్లనే పుడుతుంది కనుక, ఆ భయం తొలగిపోయింది. అయినా ఒంటరిగా ఉన్నంతకాలం దానికి ఆనందం కలగలేదు. అందుచేత రెండవదానిని కోరి, తనను తాను రెండుగా చేసుకొని పతి, పత్ని అయింది. ఆ భయాన్నీ ఈ అసంతృప్తినీ శంకరులు ఇక్కడ ఆత్మ అనబడిన ప్రజాపతి కూడా సంసారంలోనివాడే అనడానికి నిదర్శనంగా తీసుకున్నారు. గృహస్థుడి దృష్టితో చదివినప్పుడు ఈ ఘట్టం మరొక సంగతి కూడా తెలుపుతుంది: ఆనందానికి ఏ రెండవ మనిషి అవసరమో, భయానికి కారణం కూడా ఆ రెండవ మనిషే. అంటే, లోకం నుంచి దూరంగా వెళ్ళినంత మాత్రాన దంపతుల సమస్య తీరదు. లోకమంతా తప్పుకున్నాక మిగిలిన ఆ ఒక్క మనిషితోనే అసలు పని మొదలవుతుంది.

ఈ పనిని ప్రాచీనులు యాదృచ్ఛికతకు వదిలిపెట్టలేదు. గృహ్యసూత్రాలంటే ఇంట జరిగే సంస్కారాల విధానాన్ని చెప్పే గ్రంథాలు. తెలుగు వైదిక కుటుంబాలలో అధికభాగానికి ప్రమాణమైన ఆపస్తంబ గృహ్యసూత్రం, వివాహానంతరం మూడు రాత్రులు దంపతులిద్దరూ నేల మీద పడుకోవాలని, బ్రహ్మచర్యం పాటించాలని, క్షారం, ఉప్పు లేని ఆహారం తినాలని విధిస్తుంది. ఆ మూడు రాత్రులూ ఇద్దరి పడకల నడుమ గంధం పూసి వస్త్రం చుట్టిన ఒక కర్రదండం ఉంటుంది. వధువుకు పూర్వరక్షకుడుగా భావించబడే విశ్వావసువనే గంధర్వుడికి దానిని సంకేతంగా చెబుతారు. నాలుగవ రాత్రి చివరి భాగంలో అతణ్ణి మంత్రపూర్వకంగా సాగనంపి, దండాన్ని తీసివేసి, శేషహోమం చేస్తారు. ధర్మశాస్త్రం కామాన్ని అణచడానికే ఇలా చేసిందనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే వాత్స్యాయనుడి కామసూత్రం కూడా మూడవ అధికరణంలో ఇదే మూడు రాత్రుల నియమాన్ని చెబుతుంది. దానికి తోడు ఏడు రోజుల పాటు వాద్యాలతో మంగళస్నానాలు, అలంకారం, సహభోజనం, వినోదప్రదర్శనలు చూడటం, బంధువులను గౌరవించడం ఉండాలంటుంది. విస్రంభం, అంటే జంకు తీరి మనసు నెమ్మదించిన నమ్మకం, కలగకముందే బలవంతాన సాగిన చనువు ద్వేషానికి దారితీస్తుందని హెచ్చరిస్తుంది. ధర్మమార్గమూ కామశాస్త్రమూ ఇక్కడ ఏకీభవించాయి: తొలిరోజుల ఏకాంతం నమ్మకం పెరగడానికి ఇచ్చే గడువు.

ఆ గడువు చుట్టాల నడుమనే గడిచేదన్నది గమనించదగ్గ విషయం. తెలుగువారి మనుగుడుపులు, అంటే కొత్త అల్లుడు అత్తవారింట ఉండి విందులారగించే రోజులు, మూడు నిద్రలు, కొత్త కోడలిని పుట్టింటికి పంపే ఆషాఢమాసపు ఎడబాటు, ఇవన్నీ కలయికనూ దూరాన్నీ వంతులవారీగా అమర్చిన ఏర్పాట్లు. ద్వీపయాత్ర ఇందుకు భిన్నమైన ప్రతిపాదన చేస్తుంది: చుట్టాలను, వంతులను, నియమాలను ఒక్కసారిగా తొలగించి ఇద్దరినే మిగిల్చితే సాన్నిహిత్యం దానంతటదే ఏర్పడుతుందని అది నమ్ముతుంది.

ఈ నమ్మకానికి పరిపూర్ణమైన రూపం మాల్దీవులలో కనిపిస్తుంది. సుమారు 1,200 పగడపు దీవుల ఆ దేశంలో పర్యాటకం 1972లో రాజధాని మాలే సమీపంలోని కురుంబా రిసార్టుతో మొదలైంది. ఊరు లేని దీవిని కౌలుకిచ్చి, దీవికొక్క రిసార్టు చొప్పున అనుమతించడం అక్కడి పద్ధతిగా స్థిరపడింది. పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువైన సముద్రభాగాన్ని లగూన్ అంటారు. అందులో గుంజలు పాతి కట్టిన చెక్క గది వాటర్ విల్లా. కాళ్ళ కింద గాజుపలకలోంచి చేపలు కనిపిస్తాయి, గది వెనుక మెట్లు నేరుగా నీటిలోకి దిగుతాయి, దంపతులు బయటికి వెళ్ళినప్పుడు పక్క సర్ది దుప్పటి మీద పూలరేకులు అమర్చి వెళ్ళే మనిషి వారి కంట పడడు. ఇద్దరిలో ఒకరు మరొకరికి చేయగలిగిన పనులన్నీ ఇక్కడ జీతానికి కుదిరిన మూడవ వ్యక్తి చేసిపెడతాడు. ఫోటోల ద్వారా వందలమంది బంధుమిత్రులు ఆ గదిలోకి మళ్ళీ ప్రవేశిస్తారు. గంధర్వుడి దండం ఇద్దరి నడుమ ఉన్నా ఒకరినొకరు గమనించుకునేలా చేసింది. ఫోను మాత్రం ఇద్దరి చూపునూ తన వైపే తిప్పుకుంటుంది.

దీనికి ప్రత్యామ్నాయం అదే దేశంలో ఉంది. 2009 తర్వాత జనావాస దీవులలో గెస్ట్ హౌసులకు అనుమతి విస్తరించడంతో మాఫుషి వంటి ఊళ్ళలో యాత్రికులు స్థానికుల పొరుగున ఉండగలుగుతున్నారు. అక్కడ మద్యం దొరకదు, వీధిలో ఒళ్ళు కప్పుకొని నడవాలి, ఈత దుస్తులకు వేరే తీరం కేటాయించి ఉంటుంది, అయిదు పూటలా అజాన్ వినిపిస్తుంది. సౌకర్యాల లెక్కలో ఇవి లోపాలే. కాని ఏం తినాలో, ఏ పడవ ఎక్కాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిన సందర్భాలు ఇక్కడే ఎక్కువ.

నమ్మకం పెరిగే అవకాశం ఎంపికకు మొదటి కొలత అయితే, రెండవ కొలత ధర్మానిది. భగవద్గీత ఏడవ అధ్యాయంలో కృష్ణుడు ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని చెప్పడం వల్ల కామం పురుషార్థంగా గౌరవం పొందింది, అయితే ఒక హద్దుకు లోబడి. మాల్దీవులలో సముద్రమట్టానికి సగటున ఒకటిన్నర మీటర్ల ఎత్తులోనే ఉన్న నేల మీద, రిసార్టు మంచినీరు చాలావరకు ఉప్పునీటిని శుద్ధిచేసే యంత్రాల నుంచి, ఆ యంత్రాలకు విద్యుత్తు ప్రధానంగా డీజిల్ నుంచి వస్తుంది. 1990ల ఆరంభం నుంచి చెత్త మాలే పక్కనే ఉన్న తిలఫుషికి చేరుతూ వచ్చింది. 1998లో సముద్రజలం వేడెక్కి పగడాలు విస్తారంగా తెల్లబారిపోయాయి. ఇద్దరి సుఖానికయ్యే ఖర్చులో ఎంత భాగం మూడవవారి మీద పడుతోందన్నది అందువల్ల ధర్మప్రశ్నే. మరుసటి ఏడాదంతా వాయిదాలు కట్టవలసిన అప్పు కూడా ఈ లెక్కలోదే.

పాత నియమాలు ఒకరినొకరు చూడని వధూవరుల కోసం ఏర్పడ్డాయని, వాత్స్యాయనుడు నమ్మకం కలిగించే బాధ్యతను వరుడికే అప్పగించి వధువును నమ్మించవలసిన వ్యక్తిగానే చూశాడని ఆక్షేపించవచ్చు. ఆక్షేపం న్యాయమైనదే; నేడు విస్రంభం ఇద్దరి బాధ్యత. అయితే నెలల తరబడి ఫోనులో మాట్లాడుకున్నవారు కూడా ఒకే కప్పు కింద అలసట, చిరాకు, మౌనం పంచుకోవడం కొత్తగానే నేర్చుకోవాలి. పరిచయం ఆ అభ్యాసానికి బదులు కాదు.

కనుక రిసార్టును ఎంచుకునేవారు వేయదగిన ప్రశ్న ఒకటుంది. మాఘ, ఫాల్గుణ ముహూర్తాల వారికి మాల్దీవులలో పొడి ఋతువు, ఎక్కువ ధరలు. శ్రావణ ముహూర్తాల వారికి నైరుతి వానలు, తక్కువ ధరలు. ఋతువూ ధరా ఏవైనా ఆ ప్రశ్న ఇది: వానకు పడవ ప్రయాణాలన్నీ రద్దయిన పగటిపూట, వినోదమేదీ లేని గదిలో ఇద్దరూ ఒకరికొకరు భారం కాకుండా ఉండడానికి ఏ చోటు ఎక్కువ అవకాశమిస్తుంది? ఆ చోటే మేలైనది. అటువంటి పగలు ఇంట్లోనే హాయిగా గడపగలిగినవారికి ద్వీపం వేడుకే తప్ప అవసరం కాదు.