తెంపుకుంటే వచ్చేది కాదు బిడ్డా, ముక్తి

బిడ్డా, చెప్పులేసుకునే తొందరలో ఉన్నావు, తెలుసు. ఈ మెట్రో పోతే ఇంకొకటి వస్తుంది. కాసేపు గడప మీద కూర్చుని విని పో.

ఈ మధ్య నీ నోట ఒకటే మాట. "అంతా మాయ, ఏ బంధాలూ వద్దు, ఎటైనా పోయి ప్రశాంతంగా ఉంటా" అంటున్నావు. నీ మనసు మంచిదే, కాదనను. ఈ వయసులో ముక్తి గురించి ఆలోచన రావడం సంతోషమే. కానీ ఆ మాట ఎప్పుడెప్పుడు అంటున్నావో చూసుకున్నావా? పరీక్ష ఫలితం వచ్చిన రాత్రి అంటావు. నోటిఫికేషన్ వాయిదా పడ్డ రోజు అంటావు. నచ్చిన మనిషి ఫోన్ ఎత్తకపోతే అంటావు. మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని ఊరికే అనలేదు. పురాణం విని లేచేదాకా ఒకటి, పురిటి నొప్పులు తగ్గేదాకా ఒకటి, కాటి నుంచి వచ్చి స్నానం చేసేదాకా ఒకటి. నీది వాటిలో ఏదో ముందు తేల్చుకో. బాధ కలిగితే పారిపోవాలనిపిస్తుంది, ఎవరికైనా అంతే. ఆ పారిపోవడాన్నే ముక్తి అనుకుంటున్నావు చూడు, అదీ నీ తొందర.

అర్జునుడికీ ఇదే తొందర వచ్చింది. ఎదురుగా తాతను, గురువును చూసి, వీళ్ళను చంపి రాజ్యం ఏలడంకన్నా బిచ్చమెత్తుకు తినడం మేలన్నాడు. వినడానికి ఎంత గొప్పగా ఉంది! కృష్ణుడు మాత్రం ఒప్పుకోలేదు. పని వదలొద్దు, ఫలం మీద పట్టు వదులు అని గీత పొడుగునా తిప్పితిప్పి చెప్పాడు.

మరి భిక్షాన్నం తప్పా అంటావేమో. తప్పెందుకవుతుంది? చైతన్యపురి పక్కన మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి ఉంది, ఎప్పుడైనా వెళ్ళావా? అక్కడి బండ మీద విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనం ఉంది. భిక్షాన్నంతో బతికిన బౌద్ధ భిక్షువుల విహారం గురించి చెబుతుందది. దాదాపు 1500 ఏళ్ళ కిందటి మాట. ఈ దిల్‌సుఖ్‌నగర్ రద్దీ, ఈ కోచింగ్ సెంటర్లు, ఈ హాస్టళ్ళు ఏవీ లేనప్పుడే ఇక్కడ దుఃఖం గురించి కూర్చుని ఆలోచించిన వాళ్ళున్నారన్న మాట. వాళ్ళు ఇల్లు వదిలింది ఒక నియమంలోకి వెళ్ళడానికి. నువ్వు నియమాల మీద అలిగి వదులుతానంటున్నావు. ఆ తేడా చూసుకో.

దుఃఖం ఎన్ని దారుల్లో వస్తుందో పెద్దలు ఎప్పుడో లెక్కపెట్టారు. పూజ అయ్యాక శాంతి అని మూడుసార్లు అనేది అందుకే. దైవికంగా వచ్చేది ఒకటి, సాటి ప్రాణుల వల్ల వచ్చేది ఒకటి, మన ఒంట్లో మనసులో పుట్టేది ఒకటి. ఈ మూడూ చూసిన నేల మనది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది కొట్టుకుపోయారు. అది దైవికంగా వచ్చింది. అయినా మన వాళ్ళు కర్మ అనుకుని చేతులు ముడుచుకోలేదు. మరుసటి ఏడాదే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపడానికి 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ జలాశయాలు లేచాయి. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్ళు చేయాల్సింది అదే, చేతిలో ఉన్న పని చేయడం.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు, టిఫిన్ తినడానికి వచ్చిన వాళ్ళు పోయారు. ఏం పాపం చేశారని? అలాంటి చోట పూర్వజన్మ లెక్కలు తీయకు బిడ్డా. కర్మ అన్న మాట మన చేతల్ని మనం చూసుకోవడానికి ఉంది. ఎదుటివాడి కన్నీళ్ళను తూచడానికి దాన్ని వాడకు. ఏడ్చేవాడి పక్కన కూర్చో, మంచినీళ్ళివ్వు. అప్పటికి అదే వేదాంతం.

ఇక మూడోది మన లోపల పుట్టేది. నిన్నిప్పుడు తిప్పలు పెడుతున్నది ఎక్కువగా ఇదే. గీత రెండో అధ్యాయంలో ఇది ఎలా పుడుతుందో మెట్టుమెట్టుగా ఉంది. ఒకదాన్ని అదే పనిగా తలుచుకుంటే దాని మీద మనసు తగులుకుంటుంది. తగులుకుంటే కావాలనిపిస్తుంది. దొరక్కపోతే కోపం. కోపంలో మైకం, మైకంలో మరుపు, మరుపుతో బుద్ధి పోవడం, ఆపైన మనిషే చెడటం. రాత్రి ఒంటిగంటకు ఫోన్లో వాళ్ళ పెళ్ళిళ్ళు, వీళ్ళ ఉద్యోగాలు చూస్తూ పడుకుంటావే, అదే ఆ మొదటి మెట్టు. అక్కడ ఆగడం తేలిక. కోపం దాకా పోయాక ఆగడం మహా కష్టం. అందుకే చెబుతున్నా, మొదటి మెట్టు దగ్గరే ఆగు. ఫోన్ పక్కన పెట్టు, వేళకు తిను, వేళకు పడుకో. ఇవి చిన్న మాటలనుకోకు. తిండిలో, నిద్రలో హద్దు లేనివాడికి యోగం కుదరదని ఆరో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు.

ముక్తి నిజంగా కావాలా? అయితే కఠోపనిషత్తులో నచికేతుణ్ణి చూడు. నీకన్నా చిన్నవాడు. తండ్రి కోపంలో నిన్ను యముడికిస్తా పొమ్మంటే వెళ్ళాడు. యముడు ఇంట్లో లేకపోతే మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఎదురుచూశాడు. యముడు వచ్చి మూడు వరాలిస్తానన్నాడు. మొదటి వరం ఏమడిగాడో తెలుసా? నా తండ్రి మనసు కుదుటపడాలి, కోపం పోవాలి, నేను తిరిగి వెళ్తే ప్రేమగా పలకరించాలి అన్నాడు. చావు తర్వాత ఏముందన్న పెద్ద ప్రశ్న మూడో వరానికి వచ్చింది. యముడు ఏనుగులిస్తా, బంగారమిస్తా, నూరేళ్ళు బతికే కొడుకుల్నీ మనవల్నీ ఇస్తా, ఆ ఒక్కటీ అడక్కన్నా నచికేతుడు కదల్లేదు. అంత గట్టివాడికి ముందు నాన్న గుర్తొచ్చాడు. మరి నువ్వు మీ నాన్న ఫోన్ చేస్తే కట్ చేసి, ప్రవచనం వినుకుంటూ కూర్చుంటున్నావు!

మృత్యుంజయ మంత్రం రోజూ చదువుతావు కదా. అందులో అడిగేదేమిటి? దోసపండు తొడిమను విడిచినట్టు మృత్యువు నుంచి విడివడాలని. పండిన దోసపండు తనంతట తనే విడుతుంది, తీగకు గాయం ఉండదు. పచ్చికాయను లాగితే తీగ కూడా చిరుగుతుంది. నువ్వు లాగుతున్నావు బిడ్డా. లాగితే నీకూ నొప్పే, ఊళ్ళో నీ కోసం కూర్చున్న మీ అమ్మకూ నొప్పే. పండాలి. పండటానికి రోజూ చేసే పని కావాలి, కాస్త ఓర్పు కావాలి.

ఇంకొక మాట, ఇది గట్టిగానే చెబుతున్నా. బతుకు వదిలేస్తే విడుదల దొరుకుతుందని ఎప్పుడైనా తోస్తే, అది ముక్తి ఆలోచన కాదు, అలసిన మనసు మాట. మనిషి పుట్టుకే దుర్లభమని మన శాస్త్రాలన్నీ మొత్తుకున్నాయి. అలా తోచిన రాత్రి ఒంటరిగా ఉండకు. పక్క గదిలో వాణ్ణి లేపు, ఇంటికి చెప్పు, లేదా ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. అడగడంలో సిగ్గు లేదు.

నువ్వు ముక్తి కోరుకో, వద్దనను. కోరుకుంటూనే పుస్తకం తెరువు, వేళకు అన్నం తిను, కోపం వచ్చినప్పుడు ఒక పూట మాట ఆపు. ఒక పరీక్ష పోతే నీ బతుకు పోయినట్టు కాదు, ఒక పరీక్ష గెలిస్తే ముక్తి వచ్చినట్టూ కాదు. ఈ రెండూ ఒంటబట్టిన రోజు నువ్వు సగం దూరం నడిచినట్టే. అప్పటిదాకా తొందరపడకు. ఇవాళ మాత్రం ఒక పని చెయ్యి. రాత్రి తొమ్మిదిలోపే మీ నాన్నకు నువ్వే ఫోన్ చేసి, అన్నం తిన్నావా నాన్నా అని అడుగు.