విద్యాదానము - ఫలపరీక్ష

అన్నదానము చేయు గృహస్థు విస్తళ్లు లెక్కించి తృప్తి చెందడు. అతిథి కడుపు నిండినదా యని విచారించును. విద్యాదానమునకును ఇదియే ధర్మము. పేదపిల్లలకు పంచిన పలకలు, పుస్తకములు దాత లెక్కలు మాత్రమే. బిడ్డకు చదువు అబ్బినదా యన్నదే అసలు లెక్క.

ప్రథమ్ సంస్థ 2005లో ఆరంభించిన ‘అసర్’ సర్వేలో కార్యకర్తలు పల్లెలలో ఇంటింటికి వెళ్లి, పిల్లలచేత అక్షరములు, పదములు, రెండవ తరగతి స్థాయి కథ చదివింతురు. 2018లో గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో దాదాపు సగముమందియే ఆ కథను చదువగలిగిరి.

ఫలము నాశింపరాదని గీత బోధింపలేదా యని కొందరు శంకింతురు. పదునేడవ అధ్యాయమున సాత్త్విక దానమును వివరించుచు భగవానుడు విడువుమన్నది ప్రత్యుపకారాపేక్షను. దేశకాలపాత్రములను గమనింపుమనియు చెప్పెను. కీర్తి దాత విడువవలసిన ఫలము. చదువు బిడ్డకు దక్కవలసిన ఫలము.

కావున విద్యానిధికి విరాళమొసగు పుణ్యాత్ములు ఏటికొకసారియైనను ఆ పిల్లల చెంత కూర్చుండి, ప్రేమతో ఒక కథ చదివింపవలెను. తడబడిన బిడ్డను నిందింపక, బోధనను సరిదిద్దవలెను. ఆ బిడ్డ ధారాళముగా చదివిన నాడే మన దానము భగవంతునికి చేరినట్లు.