ఉచితమంటే ఎవరికి?



2015 చివర్లో ఫేస్‌బుక్ మన దేశంలో ఫ్రీ బేసిక్స్ అనే పథకం కోసం భారీగా ప్రచారం చేసింది. డబ్బు కట్టకుండానే ఇంటర్నెట్ అంది. అయితే మొత్తం ఇంటర్నెట్ కాదు, ఆ వేదికలో చేరిన కొన్ని సేవలే. పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలు. పేదవాడికి ఉచితంగా అందేదాన్ని వద్దనడానికి ఎంత గుండె కావాలి!

అయినా వద్దన్నారు. ఐఐటీల, ఐఐఎస్సీ అధ్యాపకులు కొందరు కలిసి ప్రకటన చేశారు. ఎంతోమంది యువతీయువకులు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి లేఖలు రాశారు. ఏది ఉచితమో ఒక కంపెనీయే తేలిస్తే, రేపు వరంగల్ హాస్టల్ గదిలో ఓ విద్యార్థిని తయారుచేసే యాప్ ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసే విషయాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని తేల్చింది. మూడు రోజులకే ఫేస్‌బుక్ ఆ పథకాన్ని ఇక్కడ ఆపేసింది.

ఆ ఉచితం మాట మళ్లీ వినిపించింది: 2025లో గూగుల్ మన కాలేజీ విద్యార్థులకు ఏడాదిపాటు తన ఏఐ ప్రో సేవను ఉచితంగా ఇవ్వజూపింది. రెండూ ఒకటే అనను. ఇంగ్లీషు పాఠం అర్థంకాక, క్లాసులో అడగడానికి జంకే పల్లెటూరి పిల్లకు ఇది నిజంగా చేయూత. నా బెంగల్లా ఆ ఏడాది గడిచాక సంగతి. అది లేనిదే అసైన్‌మెంట్ రాయలేని అలవాటు పడ్డాక, ధర చెప్పేది వాళ్లే.

ప్లేస్‌మెంట్ శిక్షణకు అన్ని గంటలు కేటాయించే కాలేజీలు ఈ ఉచితంపై చర్చకు ఒక్క గంట ఇవ్వాలి. మేం టైపు చేసిందంతా ఎక్కడ దాస్తారు, దేనికి వాడతారు అని విద్యార్థులు అడగాలి. వాళ్ల పక్కన లెక్చరర్లూ నిలబడాలి.