చీటీలో రానివాళ్ళు

ఆఫీసులో నా పనిలో సగం ఏ/బీ టెస్టులే. యాప్‌లో ఒక బటన్ రంగు మార్చి సగం మందికి చూపిస్తాం, మిగతా సగానికి పాతదే ఉంచుతాం. ఎవరికి ఏది అన్నది కంప్యూటరే చీటీ వేసినట్టు తేల్చేస్తుంది. పాతదే చూసేవాళ్ళు కంట్రోల్ గ్రూప్. ఇన్నేళ్ళలో ఆ గ్రూప్‌లో ఉన్నవాళ్ళ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. బటన్ రంగు వల్ల ఎవరికి ఏం పోతుంది?

పోయిన నెల ఒక రాత్రి, ఇరవై నెలల మా పాప భుజం మీద నిద్రపోతుంటే, ఫోన్‌లో బుకారెస్ట్ అధ్యయనం గురించి చదివాను. అలవాటుకొద్దీ ముందు అంకెలే వెతికాను. మొత్తం పిల్లలు 136 మంది. వయసు 6 నుంచి 31 నెలలు. ఒక పక్క 68, ఇంకో పక్క 68. అక్కడ ఆగిపోయాను. ఆ వయసుల మధ్యే మా పాప ఉంది.

రొమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం జనాభా పెరగాలని 1966లో గర్భస్రావాలని నిషేధించింది. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రభుత్వ శిశుగృహాల్లో వదిలేశారు. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి అలాంటి చోట్ల లక్షమందికి పైగా ఉన్నారు. చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. పడుకోడానికి మంచం ఉంది, వేళకి ఇంత తిండి ఉంది. ఏడిస్తే ఎత్తుకునే సొంత మనిషి మాత్రం లేదు. ఆయాలు షిఫ్టుల్లో మారిపోతుంటారు, ఒక్కొక్కరి చేతిలో బోలెడుమంది పిల్లలు.

2000 ప్రాంతంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు బుకారెస్ట్‌లోని ఆరు శిశుగృహాల్లో పని మొదలుపెట్టారు. పిల్లల్ని ఇళ్ళలో ఉంచి పెంచే ఏర్పాటు అక్కడ దాదాపు లేదు కాబట్టి, అలాంటి కుటుంబాల్ని వాళ్ళే వెతికి సిద్ధం చేశారు. ఆ కుటుంబాల్లోకి ఎవరు వెళ్ళాలన్నది చీటీతో తేల్చారు. నాలుగున్నరేళ్ళ వయసులో కొలిస్తే, శిశుగృహం వాటాకి వచ్చిన పిల్లల సగటు ఐక్యూ 73, కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళది 81. మొదట్నుంచీ సొంతింట్లోనే పెరిగిన పిల్లలది 109. రెండేళ్ళు నిండకముందే కుటుంబంలోకి చేరినవాళ్ళు ఇంకా ఎక్కువ కోలుకున్నారు.

ఇలా చెయ్యొచ్చా?

ఇంజనీరు బుర్రకి వెంటనే తట్టే జవాబు: చెయ్యొచ్చు. చోటు 68 మందికే ఉన్నప్పుడు చీటీని మించిన న్యాయం లేదు. చీటీ లేకపోతే ముద్దుగా నవ్వే పిల్లల్నే ముందు ఎత్తుకెళ్ళేవాళ్ళు. కానీ ఈ జవాబులో ఒక చిక్కుంది. ఏది మంచిదో నిజంగా తెలియనప్పుడే కదా చీటీ వెయ్యాలి? తల్లిలాంటి ఒక మనిషి లేకపోతే పసివాళ్ళు దెబ్బతింటారని జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకి నివేదిక రాశాడు. అంటే తెలుసు. తెలిసిన సంగతికి రుజువు ఎందుకంటే, శిశుగృహాలే మేలని నమ్మే అధికారులు అప్పటికీ రొమేనియాలో ఉన్నారు. వాళ్ళ ముందు పెట్టడానికి అంకె కావాలి. పసిపిల్లని ఎత్తుకోవాలని చెప్పడానికి కూడా అంకె కావాల్సి వచ్చిందంటే, తప్పు పరిశోధకులది మాత్రమే అనుకోలేను.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. శిశుగృహం వాటాకి వచ్చిన బిడ్డకి ఎక్కడైనా ఇల్లు దొరికితే, కన్నవాళ్ళే తిరిగొచ్చి తీసుకెళ్తామంటే, అధ్యయనం కోసం ఆపకూడదని ముందే నియమం పెట్టుకున్నారు. నిజంగానే ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గుంపులో చాలామంది బయటికి వెళ్ళిపోయారు. అయినా లెక్కలో వాళ్ళని మొదటి గుంపులోనే ఉంచారు. అలా చేస్తే రెండు గుంపుల మధ్య తేడా తగ్గి కనిపిస్తుంది. మా భాషలో చెప్పాలంటే, డేటా పాడవుతుంది. మా టెస్టులో ఎవరైనా కంట్రోల్ గ్రూప్‌లోంచి ఇలా జారిపోతే బగ్ ఫైల్ చేస్తాం. ఇక్కడ డేటా పాడైతే అవనీ అన్నారు. ఆ నియమమే లేకపోతే ఈ అధ్యయనాన్ని నేను సమర్థించలేను.

అయినా పూర్తిగా సమాధానపడలేదు. మా పాప పేరు చీటీ మీద రాస్తానంటే ఒప్పుకుంటానా? ఛస్తే ఒప్పుకోను. అసలు ఆ 136 పేర్లూ చీటీల మీదికి ఎక్కింది, ఒప్పుకోనని అనే మనిషి వాళ్ళకి లేకపోబట్టే. వాళ్ళకి జరిగిన అన్యాయం చీటీ తియ్యకముందే జరిగిపోయింది. చీటీ దాన్ని కొంతమందికి సరిదిద్దింది. మిగతావాళ్ళ విషయంలో నమోదు చేసింది.

రెండేళ్ళలోపు పిల్లల్ని, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళని మినహాయించి, శిశుగృహాల్లో పెట్టకూడదని 2004లో రొమేనియా చట్టం చేసింది. ఆ తర్వాత పుట్టినవాళ్ళకి మంచి జరిగింది. చీటీలో రానివాళ్ళు మాత్రం ఇప్పుడు ఇరవై అయిదేళ్ళు దాటినవాళ్ళు. ఆ రాత్రి పాపని మంచం మీద దించాలనిపించలేదు. భుజం నొప్పెట్టేదాకా అలాగే కూర్చున్నాను.