పెరటిచెట్టు

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనలో నొక సామెత గలదు. చెట్టు గుణము మారలేదు. చూచువాని దృష్టియే మారినది. ఈ దోషము వైద్యమునకంటె సాహిత్య విమర్శనమునకు హెచ్చు కీడు చేయుచున్నది. చేరువ నున్నదానిని తూచుటలో మన ధర్మమేమి యను ప్రశ్నను కొంచెము విచారింతము.

చీనాదేశమున నయిదవ శతాబ్ది యుత్తరార్ధమున లియూ షియే యను పండితుడు జన్మించెను. బాల్యముననే తండ్రిని గోలుపోయి, పేదరికముచే వివాహమాడక, బౌద్ధ విహారమున గ్రంథములను వర్గీకరించుచు కాలము గడపెను. సాహిత్యతత్త్వమును గూర్చి 50 అధ్యాయముల గ్రంథమును రచించెను గాని దాని నాదరించువారు లేకపోయిరి. అంత నాతడు చిల్లర వర్తకునివలె ఆ గ్రంథమును వీపున మోసికొని, షెన్ యుయే యను ప్రఖ్యాత సాహిత్యవేత్త బండి వచ్చు దారిలో నిలిచెనని చరిత్రకారులు చెప్పుదురు. షెన్ యుయే చదివి మెచ్చి దానిని తన బల్లపై నుంచుకొనెను. ఆ గ్రంథమున 48వ యధ్యాయము సహృదయుని గూర్చినదే. ప్రాచీనులను పూజించి సమకాలికులను చులకన చేయుటయు, తన రుచికి నచ్చినదే గొప్పదనుటయు విమర్శకుని దోషములనియు, అనేకము చదివినవానికే తూచు శక్తి కలుగుననియు నాతని మతము.

ఆ మతమునకు మన నేలపై నుదాహరణము సురవరము ప్రతాపరెడ్డిగారు (1896-1953). వారు 1926లో హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరింప నారంభించిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా రెడ్డిగారు తిట్లకు దిగలేదు. ఊరూర నున్న కవుల రచనలను సేకరించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. నిందకు సాక్ష్యమే సమాధానమైనది.

ఇచట నొక యాక్షేపణము పుట్టును. లెక్క గుణమగునా? 354 మందియు మహాకవులా? కారు. లేరనుటకు సంఖ్య సమాధానము, గొప్పవారనుటకు గాదు. మనవాడని మెచ్చుటయు, మనవాడే కదా యని త్రోసివేయుటయు నొక్క దోషమునకే రెండు ముఖములు. రెండింటను చదువుట లేదు. అయినను, చేర్చనిదానిని తూచు టెట్లు? సేకరణము విమర్శనమున కంతము గాదు, ఆరంభము.

రెడ్డిగారే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రమును ప్రకటించిరి. పండితులు అలంకారములను వెదకిన కావ్యములలో వారు జనుల తిండి, బట్ట, ఆటపాటలను వెదకిరి. దానికి సాహిత్య అకాడెమీ బహుమానము 1955లో వచ్చెను. అప్పటికి వారు పోయి రెండేండ్లయినది. లియూ షియే దారిలో నిలిచినందుకు బండి యాగినది. అందఱకును ఆ భాగ్యము కలుగదు.

2008లో శంషాబాదున విమానాశ్రయము తెరవబడినది. దూరదేశముల వింతలు చూడ నచ్చటినుండి మన మెగిరిపోవుచున్నాము. అది తప్పు గాదు. కాని చేరువనే అమ్మపల్లి సీతారామచంద్రాలయమున్నది; ఆ బాటనే దక్షిణముగా సాగిన రెడ్డిగారి పాలమూరు సీమ వచ్చును. పలుమారు ఆ దారిని పోయియు నటు తిరిగి చూడనివారిలో మేమును జేరినవారమే. మా యింట ముసలమ్మ పాడిన పాటను మేము వ్రాసికొనలేదు. ఆమె పోయినపిదప పల్లవి మాత్రమే మిగిలినది. దాని విలువ యెంతయో తూచుటకిప్పుడు మాకు చరణములు లేవు.

కావున పాఠకులారా, మన యింటి పాటను, మన యూరి కవిని పొగడుడని మేము కోరము. ముందు వినుడు, వ్రాసికొనుడు, పిదప తూచుడు. పెరటిచెట్టు మందగునో కాదో నూరి చూచిననే తెలియును.